తోడుంటేనే మంచం

ఊరి బడిలో అయిదో తరగతి దాకానే చదివాడు. అయినా ఆయన దస్తూరీ చూసి పెద్దాసుపత్రి సూపరింటెండెంట్లే ముక్కున వేలేసుకునేవారు. ముప్పై నాలుగేళ్లు మానసిక వార్డులో అటెండరు. అందరికీ ఆయన దరఖాస్తుల బాబాయ్. ఆడవాళ్ల వైపు కుళాయి పెట్టించింది ఎవరు? ఆయనే. రోగుల చేతులు మంచానికి కట్టే గుడ్డపీలికలన్నీ పోగేసి, పెద్ద డాక్టరు బల్ల మీద కుప్పపోసి, ఆ పద్ధతి మాన్పించింది? ఆయనే. అన్నిటికన్నా గొప్ప పని ఇంకోటుంది. ఆ రోజుల్లో కన్నతల్లి వచ్చినా కటకటాల అవతల నుంచే చూసి పోవాలి. పదేళ్లలో పదకొండు దరఖాస్తులు పెట్టి, రోగి పక్కన ఇంటిమనిషి ఒకరు ఉండొచ్చని ఉత్తర్వు తెప్పించాడు. వార్డంతా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది.

ఇప్పుడాయనకు డెబ్బై ఒకటి. చెల్లెలికి మతి నిలకడ తప్పి ఆరేళ్లు. పొయ్యి వెలిగించి మరిచిపోతుంది, తలుపు తీస్తే రోడ్డెక్కుతుంది. గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకుంటాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఈలోగా ఆయనకే హెర్నియా ముదిరింది. ఆలస్యమైతే పేగు మెలిపడుతుందని రేపటికి ఆపరేషన్ చీటీ రాశారు. తను ఆసుపత్రిలో ఉండే పది రోజులూ చెల్లెల్ని తను పనిచేసిన పాత వార్డులో ఉంచుదామని, సంచీ సర్ది తీసుకొచ్చాడు.

"తోడెవరు బాబాయ్?" అంది నర్సు. ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్లే.

"ఇంకెవరు, నేనే. కింది అంతస్తులోనే ఉంటానుగా."

"కడుపు కోయించుకుని మెట్లెక్కొస్తారా? లిఫ్టు చచ్చి ఏడాదైంది."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. గోడమీది బోర్డు చూపించింది: తోడు లేని రోగులు చేర్చుకోబడరు.

"ఇదేంటమ్మా? తోడును ఉండనివ్వమన్నాను గాని, తోడు లేకపోతే గెంటెయ్యమన్నానా?"

"ఇంటివాళ్లు ఉంటున్నారుగా అని ఆయాలను తీసేశారు బాబాయ్. నలభై మంచాలకి ఇద్దరం. ఆ బోర్డు కింద ఉన్నది మీ ఉత్తర్వు నంబరే."

చదివాడు. అదే నంబరు.

"పది రోజులమ్మా. నా మొహం చూసి."

"మీ మొహం చూసి తీసుకుంటాను. ఆవిడ కిందికి దిగి ప్రహరీ గోడ దూకితే?"

ఆ గోడ ఎంత పొట్టిదో ఆయనకన్నా ఎవరికి తెలుసు?

నర్సు తెల్లకాగితం తీసిచ్చింది. "రాయండి బాబాయ్. మీరు రాస్తే కదులుతుంది."

"పోయినసారి కదలడానికి పదేళ్లు పట్టింది తల్లీ." కాగితం బల్లమీద పెట్టేశాడు.

కింద కౌంటర్లో ఆపరేషన్ చీటీ వెనక్కిచ్చాడు.

"మళ్లీ మీ వంతు ఎనిమిది నెలలకే పెద్దాయనా" అన్నాడు గుమస్తా.

"రాసుకో నాయనా."

చెల్లెలు ఆయన చొక్కా అంచు పట్టుకుంది. "అన్నయ్యా, నన్నిక్కడ వదిలెయ్యవు కదూ?"

"వదిలినా ఎవరూ పుచ్చుకోరే, పిచ్చిమొహమా."

ఆమె పకపకా నవ్వింది. ఆయన ఒక చేత్తో గజ్జ నొక్కుకుని, రెండో చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని, గేటు వైపు నడిచాడు.