పైకి పోయేటప్పుడు ఖాళీగా

కిందటి నెలలో ఒక శనివారం మా అక్క, అక్క మనవరాలు, నేను కలిసి ఎడిన్‌బర్గ్ శివార్లలో జరిగే రైతుల సంతకు వెళ్లాం. అక్కడ పిల్లలను ఒక పొట్టి గుర్రం మీద ఎక్కించి మైదానం చుట్టూ తిప్పుతున్నారు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే మా పిల్ల, వంతు రాగానే నా చేయి వదిలేసి ఎక్కి కూర్చుంది. కళ్లెం పట్టుకున్నాయన, ఈ జాతి గుర్రాలే ఉత్తరాది కొండల మీద వేటాడిన దుప్పులను కిందికి మోసుకొచ్చేవని అందరికీ చెబుతున్నాడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు.

నేను పెద్దగా చదువుకోలేదు. ఇంటర్ తప్పి ఈ దేశం వచ్చి, బస్సు డిపోలో పనికి చేరి, డ్రైవర్లు ఎన్నింటికి ఎక్కాలో, ఎక్కడ దిగాలో, మధ్యలో టీకి ఎన్ని నిమిషాలో చూసి చూసి నేర్చుకుని, చివరికి ఆ డ్యూటీల పట్టికలు, అంటే రోటాలు వేసే కుర్చీలో కూర్చున్నవాణ్ణి. ఇక్కడ మనవాళ్లు కొద్దిమందే కాబట్టి, ఎవరు ఎక్కడికి బయల్దేరినా రైలు టైములు నా చేతనే రాయించుకునేవారు. నా లెక్క తప్పదని పేరు. ఆ పేరు నాకూ ఇష్టంగానే ఉండేది.

2013 వేసవిలో మా బావ నన్నొక లెక్క అడిగాడు. బావ కేర్ హోమ్‌లో ముసలివాళ్లను చూసుకునేవాడు. వాళ్లలో ఒకాయన వయసులో ఉన్నప్పుడు కొండల్లో వేటకు దారి చూపించేవాడట. అక్టోబర్లో మగ దుప్పులు అరిచే అరుపు గురించి ఆయన చెబుతుంటే, బావకు మార్కాపురం దగ్గర వాళ్ల నాన్న, లైసెన్సు తుపాకీ, నల్లమల అడవి గుర్తొచ్చేవి. వేట మాన్పించే చట్టం వచ్చాక ఆ తుపాకీ పోలీస్ స్టేషన్లో అప్పగించారు, బావ దాన్ని ఒక్కసారి కూడా పేల్చలేదు. యాభై ఎనిమిదేళ్ల వయసులో, గుండెకు రెండు స్టెంట్లు పడ్డాక, ఒక్కసారి ఆ ఉత్తరాదికి పోయి దుప్పిని వేటాడి రావాలన్నాడు.

నేను ప్లాను మొదలుపెట్టాను. అక్కడ సొంతంగా వేటాడడానికి లేదు. స్టాకర్ అనే స్థానికుడు వెంట ఉంటాడు, తుపాకీ అతనే ఇస్తాడు, ముందు ఒక ఇనుప గురి మీద కాల్పించి చూసి గానీ కొండకు తీసుకుపోడు. ఏ దుప్పిని కొట్టాలో కూడా అతనే చెబుతాడు. బావ రోజూ సాయంత్రం కార్పెట్ మీద బోర్లా పడుకుని చీపురుకర్రతో గురి చూసేవాడు. అక్క వంటగదిలోంచి చూసి, ఆ పడుకునేదేదో కాస్త ఊడ్చి పడుకోమనేది. అదే అక్క నాకు ఒకటికి పదిసార్లు చెప్పింది: "గుండె సంగతి మాత్రం వాళ్లకు చెప్పమాక. తెలిస్తే రానీరు." జబ్బు గడప దాటకూడదని పెంచిన ఇల్లు మాది. నేను చెప్పలేదు.

స్టాకర్ రాసి పంపిన వివరాలన్నీ గళ్ల కాగితం మీద ఎక్కించాను. నడక నాలుగు మైళ్లు, ఎత్తు పదిహేను వందల అడుగులు. వెనకే ఒక గుర్రం వస్తుంది, దుప్పిని మోయడానికి. గుర్రం మోసే బరువు గడిలో పోయేటప్పుడు సున్నా, వచ్చేటప్పుడు తొంభై కిలోలు అని రాసుకున్నాను. తర్వాత బావను ఇక్కడ మేముండే ఊళ్లోని కొండ ఎక్కించి గడియారం చూశాను. నలభై అడుగులు వేసి ఒకసారి ఆగుతున్నాడు. ఆ చొప్పున పైకి అయిదున్నర గంటలు, పొంచి ఉండడానికి రెండు, దిగడానికి నాలుగు. మొత్తం పదకొండున్నర. అక్టోబర్లో అక్కడ పగటి వెలుతురు పదింబావు గంటలే.

నేను వెళ్లేసరికి బావ కార్పెట్ మీదే ఉన్నాడు. కుదరదని చెప్పాను.

"ఎంత తక్కువైందయ్యా?"

"గంటా పావు."

"సరిగ్గా చూశావా?"

"మూడుసార్లు వేశాను బావా."

"అయితే సరేలే. నీ లెక్క తప్పదుగా," అని లేచి, చీపురు తీసుకెళ్లి తలుపు వెనక పెట్టాడు.

ఇంట్లో ఏదో పని పడిందని స్టాకర్‌కు రాసి మానేశాం. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో బావ నిద్రలోనే పోయాడు. చర్చిలో కుర్చీలు ఎన్ని వేశారో లెక్కపెట్టినట్టు గుర్తు, నూట పన్నెండు. ఏడ్చినట్టు గుర్తు లేదు.

ఎండాకాలం వచ్చాక, ఎందుకో తెలియదు, ఆ స్టాకర్‌కు ఉన్నదున్నట్టు ఉత్తరం రాశాను. అతను ఫోన్ చేశాడు. పోయినాయన గురించి రెండు మంచి మాటలన్నాడు. తర్వాత, ముందే చెప్పాల్సింది, గుర్రం మీద తీసుకుపోయేవాణ్ణి కదా, మా నాన్నను ఎనభై దాటాక కూడా అలాగే తీసుకుపోయాను అన్నాడు. అతని గొంతులో తప్పుపట్టడం ఏమీ లేదు. "పైకి పోయేటప్పుడు అది ఖాళీగానే పోతుంది," అన్నాడు.

ఫోన్ పెట్టేసి గళ్ల కాగితం తీశాను. బావ బరువు డెబ్బై ఒక్క కిలోలు. గుర్రం మీదైతే పైకి రెండు గంటలు. మొత్తం ఎనిమిది. ఇంకా రెండుంబావు గంటల వెలుతురు మిగులుతుంది. ఆ సున్నా నా చేత్తో రాసిందే, గుండ్రంగా, అందంగా ఉంది. అక్కకు ఈ సంగతి ఇంతవరకు చెప్పలేదు.

ఇప్పుడు ఎక్కడికి పోవాలన్నా ఫారంలో మొదటి ప్రశ్నే గుండె జబ్బు ఉందా అని, మనవాళ్లు కూడా దాచకుండా టిక్ పెడుతున్నారు. డిపోలో రోటాలు కంప్యూటరే వేస్తుంది. ఆ కొండల మీద గుర్రాల బదులు బండ్లు తిరుగుతున్నాయని సంతలో ఆయనే చెప్పాడు.

మైదానం చుట్టూ తిరిగొచ్చి మా పిల్ల దిగింది. ఆ తర్వాత వరుసలో ఎవరూ లేరు. నిన్నూ ఎక్కించమంటావా అని అక్క నవ్వింది. ఆయన కళ్లెం పట్టుకుని గుర్రాన్ని కంచె దాకా నడిపించుకుపోయాడు, ఖాళీగా. లెక్కపెట్టాను, నలభై అడుగులు.