ఊదారంగు హెచ్చరికలూ, నా మడిచీరా

రండి, ఆ పీట ఇటు లాక్కుని నా పక్కనే కూర్చోండి. ఈ ఫ్యాను చప్పుడులో దూరంగా ఉంటే సగం మాటలు వినిపించవు. మా కోడలి కంప్యూటరు సంగతి ఒకటి చెబుతాను. నేను చదివింది ఐదో తరగతే గానీ, ఒకసారి చెవినపడింది మాత్రం మరిచిపోను.

మేముండేది రాజమండ్రిలో. మా కోడలు ఉద్యోగం చేసుకుంటూనే, తీరిక దొరికినప్పుడల్లా ఒక ప్రోగ్రాము రాస్తుంది. చూపు లేనివాళ్లకు తెలుగు పుస్తకాన్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాము అది. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. లోపల ఏం రాసిందో చూడొచ్చు, తప్పుంటే దిద్ది పంపొచ్చు. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా దిద్ది పంపుతుంటారు.

ఇలా రాసినదాన్ని కంప్యూటరు నడిపేలా మార్చడానికి కంపైలర్ అని ఒకటుంటుంది. ప్రోగ్రాము తీసుకున్నవాళ్లు కూడా తమ కంప్యూటర్లో దానితో ఒకసారి మార్చుకోవాలి. మార్చేటప్పుడు దానికి ఎక్కడైనా అనుమానం వస్తే, తెర మీద ఊదారంగు అక్షరాలతో హెచ్చరిస్తుంది. తప్పే అయి ఉండక్కర్లేదు, ఒకసారి చూసుకోమని చెప్పడమన్నమాట. ఏయే హెచ్చరికలు చెప్పాలి, చెప్పాక ఆగాలా, సాగాలా అన్నది ముందే ఒక ఫైలులో రాసిపెడతారు. ఒక్క హెచ్చరిక వచ్చినా పని మొత్తం ఆగిపోవాలని మా కోడలు అందులో రాసింది. ఊరికే రాయలేదు. అంతకుముందు ఒక హెచ్చరికను చూసీచూడనట్టు వదిలేస్తే, ప్రోగ్రాము అంకెలన్నీ మింగేసి చదివింది. ఆ చదువుతో లెక్కల పుస్తకం వింటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఒక శనివారం పొద్దున్న నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. కోడలికి ఫోను వచ్చింది. రావులపాలెంలో చూపు లేని పిల్లలకు చదువు చెప్పే టీచరుగారు. స్పీకరు పెట్టింది గనక అంతా విన్నాను.

"మీ ప్రోగ్రాము కొత్త కంప్యూటర్లో తయారవట్లేదండి. ఊదారంగులో ఏదో వచ్చి ఆగిపోతోంది."

"మీ కంపైలర్ కొత్తదై ఉంటుందండి. నా పాతదానికి కనపడనిది దానికి కనపడింది. అలా ఆగాలని నేనే పెట్టాను."

"దాన్ని దిద్దడం నాకు రాదు కదండీ. సోమవారం పిల్లలకి పరీక్ష. ఈ రెండ్రోజులూ పాఠాలు వినాలి. పోనీలెండి, నేనే కూర్చుని చదివి వినిపిస్తాను. ఎన్ని అయితే అన్ని."

ఫోను పెట్టేశాక కోడలి మొహం చిన్నబోయింది. ఆ పిల్లల కోసమే కదా మొదలుపెట్టింది.

"వాళ్లకి ఆగకుండా చెయ్యలేవా అమ్మాయ్?"

"ఒక్క మాట రాస్తే చాలు అత్తయ్యగారూ. కానీ వదిలేస్తే మళ్లీ ఎవరూ పట్టించుకోరు. ఆ అంకెల గొడవ గుర్తుందిగా?"

అప్పుడు తనకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాను. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, కోనసీమలో ఉన్నప్పుడు మావారి మేనత్త వచ్చింది. పెనుగొండలో అమ్మవారి దర్శనం చేసుకుని, ఏమీ తినకుండా నేరుగా మా ఇంటికే వచ్చింది. నేను మడిచీర కట్టుకుని పప్పు దించుతున్నాను. వెనక నుంచి వచ్చి, "ఎంత చిక్కిపోయావే" అంటూ నా భుజం మీద చెయ్యి వేసింది. మడి పోయింది. వండినదంతా పక్కకు నెట్టి, మళ్లీ తలమీద నీళ్లు పోసుకుని, మళ్లీ పొయ్యి వెలిగించాను. అన్నం ఉడికేలోపు ఆవిడ బస్సు వేళయింది. "ఈసారి తింటాలేవే" అని వెళ్లిపోయింది. ఆ ఈసారి రాలేదు. పొద్దున్నే మడి కట్టుకుంటుంటే నా భుజం మీద ఆ చెయ్యి ఇప్పటికీ గుర్తొస్తుంది.

కోడలు ఒక చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగింది. "అయితే హెచ్చరికలన్నీ తీసెయ్యమంటారా?"

"నేనెప్పుడన్నాను? నా మడి నేను మానానా? వండేదాన్ని నేను, కట్టుబాటు నాకు. తినడానికి వచ్చినవాళ్లకెందుకు? వాళ్లకి ముందు విస్తరి వెయ్యి. అనుమానం సంగతి నువ్వు తర్వాత చూసుకో."

"మరి దిద్ది పంపేవాళ్లో?"

"వాళ్లు వంటింట్లోకి వచ్చినవాళ్లేగా. వాళ్లకీ మడే."

కోడలు పకపకా నవ్వి కంప్యూటరు ముందు కూర్చుంది. నేను కూర తాలింపు వేసేలోపే ఆ ఫైలు మార్చేసింది. తన దగ్గరా, ఇతరులు పంపినవి పరీక్షించే చోటా హెచ్చరిక వస్తే పని ఆగుతుంది. వాడుకునేవాళ్ల ఇళ్లలో మాత్రం హెచ్చరిక కనిపిస్తుంది, పని సాగుతుంది. ఆ తర్వాత టీచరుగారి దగ్గర వచ్చిన ఊదారంగు వాక్యం తెప్పించుకుని చూసింది. ఒకచోట ఒక పేరు పెట్టుకుని, దాని విలువ ఎంతో చెప్పకుండానే వాడేసిందట. నిజంగా తన తప్పే. అదీ దిద్ది టీచరుగారికి పంపింది.

"మీకు కంప్యూటరు రాదనుకున్నాను అత్తయ్యగారూ."

"రాదు. మడి వచ్చు. అన్నానికి లే."

మర్నాడు టీచరుగారు మళ్లీ ఫోను చేసి, ఏమీ మాట్లాడకుండా ఫోనును కంప్యూటరు దగ్గర పెట్టారు. సాంఘికశాస్త్రం పాఠం, అంకెలతో సహా, గడగడా వినిపించింది. మధ్యలో ఎవరో పిల్ల, "టీచర్, మళ్లీ మొదట్నించి పెట్టండి" అంది. కోడలు నా చెయ్యి పట్టుకుంది. నేను మడిలోనే ఉన్నాను. ఉండనిచ్చాను.

మీ ఇంట్లోనూ తప్పుని తప్పని చెప్పేవాళ్లు ఒకరుండాలి, వాళ్ల మాట మీకు చేదు కాకూడదు. మీ గడపలోకి వచ్చినవాళ్లు ఎప్పుడూ కడుపునిండా తిని వెళ్లాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.