సిగ్నలు జిలాని

పదకొండున్నర. ఎండ నాపబండల మీద పడి తిరిగి మా మొహాలకే కొడుతోంది. పొద్దున తాగిన అంబలి ఎప్పుడో ఆవిరైపోయింది. అన్నం తినడానికి ఇంకా గంటన్నర ఉంది. బెల్టు తెగి రంపం మిషను ఆగి ఉండగా, ఆ నిశ్శబ్దంలో నా కడుపు గట్టిగా మూలిగింది. పక్కన బెల్టు ఎక్కిస్తున్న మా కరెంటు మేస్త్రి జిలాని బాషా స్పానరు పైకెత్తి నా పొట్టను చూపించాడు.

"లాజరప్పా, ఇది సిగ్నలు. నాయిసు కాదు."

జిలాని బాషాకున్న జబ్బు అదొక్కటే. ఏ చప్పుడు విన్నా రెండుగా చీలుస్తాడు. అందులో పనికొచ్చే కబురుంటే సిగ్నలు. ఆ కబురును కప్పేసే గోల నాయిసు. ఓనరు ఫోన్‌లో అరిచేదంతా నాయిసు. ఆ అరుపుల్లో 'రేపు సెలవు' అనే మాట దొర్లిందా, సిగ్నలు. ఇంట్లో ఆయన భార్య గౌసియా తిట్టేదాని సంగతేమిటని అడిగాను ఒకసారి.

"తొంబై పాళ్లు నాయిసప్పా. పది పాళ్లు సిగ్నలు. ఆ పది పాళ్లు ఇనకుంటే మాత్రం మాపటికి కూడు ల్యా."

చావింటికి పోయినా ఇదే వరస. యర్రగుంట్లలో మాకు తెలిసిన పెద్దమనిషి పోతే ఇద్దరం చూడ్డానికి వెళ్లాం. జనం గుండెలు బాదుకుని ఏడుస్తున్నారు. జిలాని నా భుజం మీదికి వంగాడు. "ఆ మూలన ముక్కు చీదుకుంటాండాదే ముసలామె, ఆమె ఒకటే సిగ్నలు. మిగతాదంతా నాయిసు." నవ్వు ఆపుకోలేక నేను తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. నా దుఃఖం చూసి వాళ్ల బంధువులు నాకు సోడా తెప్పించారు.

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. మా బండల ఫ్యాక్టరీకి రాకముందు జిలాని మైకుసెట్టు నడిపేవాడు. పెళ్లిళ్లకూ, ఉరుసులకూ, జాతరలకూ ఆయన పెట్టెలు మోగితే గోడల సున్నం రాలేది. ఆ పెట్టెల పక్కన నిలబడ్డ వాళ్లంతా ఇప్పుడు ఏం చెప్పినా 'ఆఁ?' అంటున్నారట. "నేను పోగొట్టిన చెవులు, నేనే బాగుజెయ్యాల" అని చెవి మిషన్ల పని నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఫోన్‌లో పాఠాలు వినేవాడు. కర్నూలులో చెవి మిషన్ల దుకాణం వాళ్లు పనిలో పెట్టుకుంటామన్నారని, ముందు చప్పుళ్ల శాస్త్రం నేర్చుకుని రమ్మన్నారని చెప్పేవాడు.

నేర్చుకున్న మొదటి ముక్కను గేటు దగ్గర టీ, బజ్జీలు అమ్మే హుసేనమ్మ మీద ప్రయోగించాడు. ఆమెకు చెవులు మందం. పాత మైకుసెట్టు సామాన్లతో అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి చేసి, దాని వైరు ఆమె చెవిలో పెట్టి, సౌండు పెంచాడు. హుసేనమ్మ కళ్లు పెద్దవయ్యాయి. బజ్జీల గరిటె పారేసి, "వానరా! వానొచ్చింది! మిరపకాయలు తడిసిపోతాండాయి!" అని ఇంటికి పరుగు పెట్టింది. మండు వేసవి. ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. ఆమె విన్న వాన, బాణలిలో నూనె చిటపట.

ఎండుమిరపకాయలన్నీ ఇంట్లో పోసుకుని తుమ్ముకుంటూ తిరిగొచ్చింది. బాణలిలో బజ్జీలు బొగ్గులై ఉన్నాయి.

"ఏం పెట్టినావురా నా చెవిలో, నీ చేతులిరగ!"

"తప్పు నాదే ఖాలా. సౌండు పెంచితే సిగ్నలుతో పాటు నాయిసు గూడా పెరుగుతాదని పాఠంలో ఉండాది. నేను ఆ పాఠం కాడికి ఇంగా పోలా."

"పోయినాక రా. అంతవరకు నీకు టీ ల్యా."

ఇక నా సంగతి. మా ఫ్యాక్టరీలో నా పని బండలు తట్టడం. పాలిషు అయిన ప్రతి బండనూ చిన్న సుత్తితో తట్టి వినాలి. మంచి బండ సన్నగా ఖంగుమంటుంది. లోపల వెంట్రుకంత చీలిక ఉన్నా ఆ సన్నటి మోత చచ్చిపోయి మొద్దుగా పలుకుతుంది. దాన్ని పక్కకు తోసెయ్యాలి. ఇరవై ఏళ్లుగా ఇదే నా అన్నం. ఈ మధ్య నేను మంచివని పంపిన బండలు లారీలోనే పెటపెటా విరగడం మొదలైంది. మా అందరి మీదా పెత్తనం చేసే పెద్ద మేస్త్రి ఉరుకుందు నన్ను పిలిచాడు.

"ఏమప్పా, సుత్తి చేతిలో పెట్టుకోని నిద్రపోతాండావా? ఇంగోసారి ఇరిగినాయంటే నిన్ను లోడింగుకు ఏస్తా."

లోడింగంటే బండలు వీపు మీద మోయడం. నా నడుముకు నన్ను మోయడమే ఎక్కువ. ఆ పని ఇస్తే ఇంటికి పొమ్మన్నట్టే.

మరుసటి ఆదివారం మిషన్లు లేనప్పుడు జిలాని నన్ను స్టోరు గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించాడు.

"కూత ఇనపడితే చెయ్యెత్తు. ఇనపడకుంటే ఎత్తొద్దు. అంతే."

ఎత్తాను. మళ్లీ ఎత్తాను. ఆగకుండా ఎత్తుతూనే ఉన్నాను.

"ఏమప్పా, మీటింగులో జిందాబాద్ కొడ్తాండావా? నేనింగా కూత పెట్టనే ల్యా!"

"పెడతావు గదా. ముందే ఎత్తి పెట్టినా."

మళ్లీ మొదటినుంచి చేశాడు. చివరికి ఫోను కిందపెట్టి, "లావు చప్పుళ్లు నీకు బాగానే ఉండాయి. సన్నవి శానా తగ్గినాయి, గోలలో అసలు అందవు. రంపం మిషను తినేసింది" అన్నాడు.

"అయితే ఉరుకుందు తిట్లు గూడా పోతాయా?"

"ఆయప్పది లావు గొంతు. అవి నువ్వు సచ్చేదాకా ఇనపడ్తాయి."

నవ్వాను గానీ లెక్క అర్థమైంది. చీలిక సంగతి బండ చెప్పేది సన్న గొంతుతోనే. నేను తట్టేది రంపం మిషను పక్కనే. జిలాని కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆసుపత్రిలో పేరు రాయిస్తానని, చెవి మిషను రావడానికి చాలా రోజులు పడుతుందని చెప్పాడు.

ఆ మరునాటినుంచి మా రంపం మిషనుకు వింత రోగం పట్టుకుంది. సాయంత్రం టీ కాగానే టక్కున ఆగిపోయేది. పావుగంట తర్వాత దానంతటదే లేచినట్టు లేచేది. అందరికీ పండగే, బీడీలు వెలిగేవి. నన్ను మాత్రం జిలాని కూర్చోనిచ్చేవాడు కాదు. "మిషనాగితే నీ సుత్తికేమొచ్చింది? పొద్దుటినుంచి పేరుకున్న బండలు తట్టు పో" అని తరిమేవాడు. ఉరుకుందు మాత్రం నోటికొచ్చినట్టు తిట్టేవాడు. "ఒక మోటరు బాగుజెయ్యలేవు, నువ్వు మడుసుల చెవులు బాగుజేస్తావా?" జిలాని తల గోక్కుంటూ, "దీని సిగ్నలు నాకు అందటంల్యా మేస్త్రీ" అనేవాడు.

విచిత్రంగా లారీలో బండలు విరగడం ఆగిపోయింది. హుసేనమ్మ చెప్పిన వెల్లుల్లి నూనె చెవిలో రెండు చుక్కలు వేసుకున్నాను, అదే పని చేసిందని పదిమందిలో గొప్పగా చెప్పాను. జిలాని ఒక్కక్షణం నా వంక చూశాడు.

"నూనెలో సిగ్నలు ఉండాదప్పా. కానీ ఇంగ చెవిలో ఎయ్యొద్దు. బజ్జీలో ఏసుకో, అయినా పని చేస్తాది."

ఒక శనివారం జిలాని పనిలోకి రాలేదు. గౌసియా గేటు దాకా వచ్చి, కర్నూలు దుకాణం వాళ్లు పిలిస్తే తెల్లారి బస్సుకే పోయాడని చెప్పింది. రోజంతా వాగే మనిషి, మాలో ఒక్కరికీ ఒక్క ముక్క చెప్పకుండా పోయాడు.

ఆ సాయంత్రం టీ అయింది. మిషను ఆగలేదు. బండ తట్టాను, ఇంకొకటి తట్టాను. రంపం మోతలో అన్నీ ఒకేలా ఉన్నాయి. సుత్తి పట్టుకుని అలాగే నిలబడ్డాను. మోటరు రోగం చూడమని ఓనరు పంపిన కొత్త కరెంటాయన ఏసుకుమార్ అప్పుడే బోర్డు మూశాడు.

"మోటరు గుర్రం మాదిరి ఉండాది మేస్త్రీ. ఇది దానంతట ఆగే రకం కాదు. టీ అయినంక ఎవురో బటను నొక్కుతాండారు."

ఉరుకుందు బటను వైపు చూశాడు. నా సుత్తి వైపు చూశాడు. మంచివో చెడ్డవో తేలని బండల వైపు చూశాడు. సంగతి మెల్లగా ఆయన తలకెక్కింది.

"సరిగా సూడు ఏసుకుమారూ. రోగం శానా లోతుగా ఉంటాది."

"ఏ రోగమూ ల్యా మేస్త్రీ."

"ఉండాదంటే ఉండాది! టీ అయినంక ఈ మోటరు అలిసిపోతాది. ఓనరుకు అట్లనే చెప్పు."

నడిచి వెళ్లి ఎర్ర బటను తనే నొక్కాడు. రంపం మూలుగుతూ ఆగింది. ఫ్యాక్టరీ అంతా ఊపిరి పీల్చుకున్నట్టయింది. ఉరుకుందు నా వైపు తిరిగి తన లావు గొంతుతో అరిచాడు.

"ఏం సూస్తాండావప్పా? తట్టు, బిన్నె తట్టు! పావుగంటలో నా మోటరుకు మళ్లీ నయమైపోతాది!"