కుక్క నోటి వాసన

పశువుల ఆసుపత్రి ఆయమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పనితనమూ అక్కడే. ఇరవై రెండేళ్లుగా ఏ జంతువు వచ్చినా ముందు దాని నోరు వాసన చూస్తుంది, తర్వాతే మనిషి చెప్పేది వింటుంది. మనుషులంతా అబద్ధాలకోర్లని ఆమె గట్టి నమ్మకం. ఎలుకల మందు పెట్టినవాడు కూడా పాలు తప్ప ఏమీ పెట్టలేదని ఒట్టేస్తాడు మరి.

ముసలి దర్జీ నల్లకుక్కకు కాలు విరిగితే కట్టు కట్టి ఆసుపత్రిలోనే ఉంచారు. మూడో రోజు పొద్దున అది కక్కుకుని కూలబడింది. చిగుళ్లు గోధుమరంగుకు తిరిగాయి. ఆయమ్మ నోరు వాసన చూసింది. కలరా ఉండలు! బట్టల మధ్య వేసే ఆ ఉండలు దర్జీ కొట్లో కాక ఇంకెక్కడుంటాయి? రోజూ కుక్కకు అన్నం తెచ్చేదీ అతనే. అతను అన్నం గిన్నెతో రాగానే అందరి ముందూ కడిగిపారేసింది. ఎన్ని తిన్నదో, ఎప్పుడు తిన్నదో చెప్పమని డాక్టరు బతిమాలాడు. తన కొట్లో అవి లేనే లేవని దర్జీ మొత్తుకున్నాడు.

"నీ చేతి కూడే దాని ప్రాణం మీదికి తెచ్చింది. లోపల అడుగు పెట్టావంటే ఊరుకోను," అని ఆయమ్మ అతని ముఖాన తలుపు వేసింది.

తర్వాత కక్కు అంటిన కంబళి లాగుతుంటే మడతలోంచి సగం కొరికిన తెల్లటి ఉండ దొర్లింది. కంబళ్లు ఉతికి, పురుగు పట్టకుండా ఒక్కోదానిలో ఒక్కో ఉండ పెట్టి పెట్టెలో సర్దేది తనే. పరిచేముందు దులపాల్సిందీ తనే. మొన్న ఎవరినో తిడుతూ ఆ పని మరిచింది.

చెత్తబుట్ట చేతికందే దూరంలో ఉంది. పారేస్తే తన మాట నిలుస్తుంది, కుక్క పోతుంది. పాడు మనసు ఆ మాట కూడా ఆలోచించింది. సిగ్గుతో చచ్చిపోతూ ఆ సగం ఉండ పట్టుకుని డాక్టరు దగ్గరికి నడిచింది.

"తప్పు నాదే సార్. మొన్న సాయంత్రం వేసిన కంబళిలో ఉండిపోయింది. సగమే తిన్నది."

డాక్టరు వెంటనే వైద్యం మార్చాడు. సాయంత్రానికి కుక్క తల ఎత్తింది. ఆయమ్మే వెళ్లి దర్జీకి జరిగింది చెప్పి లోపలికి తీసుకొచ్చింది. కుక్క వణుకుతుంటే ఎండలో ఆరిన కంబళి తెచ్చి అందించింది.

"వద్దమ్మా. నీ చేతి గుడ్డ దానికి వద్దు."

తిట్టినా తట్టుకునేది, ఆమె దగ్గర బదులు తిట్లు బోలెడున్నాయి. దర్జీ ఆమెవైపు చూడనైనా చూడలేదు. తన చొక్కా విప్పి, ఒకటికి రెండుసార్లు దులిపి, కుక్క కింద పరిచాడు.