డిష్ మీద మడిచీర

నిన్న వాన జోరుకి మా టీవీ తెర మీద 'నో సిగ్నల్' అని పడింది. నాకు వెంటనే మామ్మ చీర గుర్తొచ్చింది.

కాకినాడలో మా డాబా మీద డిష్ పెట్టించిన కొత్తలో, ఎండ కాస్తున్న ఓ మధ్యాహ్నం టీవీ ఇలాగే ఆగిపోయింది. మామ్మ చూసే సీరియల్లో పెళ్ళి జరుగుతుందో ఆగుతుందో తేలే రోజది. నాన్న బాక్సు ఆపి మళ్ళీ పెట్టారు, వైరు పీకి ఊది గుచ్చారు, రిమోట్‌లో బ్యాటరీలు కూడా మార్చారు. చివరికి డాబా ఎక్కి, పైనుంచి కేకేశారు.

"అమ్మా, డిష్ మీద నీ మడిచీర ఆరేశావేంటి?"

"దండెం మీదైతే మీ అందరి చేతులూ తగులుతున్నాయి. అక్కడైతే ఎవరూ ముట్టుకోరని కర్రతో వేశాను. నువ్వూ ముట్టుకోకు."

"తడి చీరలోంచి సిగ్నల్ రాదమ్మా."

మామ్మ నావైపు తిరిగి, "చూశావా, మడంటే అదీ. ఆకాశంలోంచి వచ్చేది కూడా దాటలేదు" అంది గర్వంగా. నేను నమ్మేశాను. మర్నాడు బళ్ళో అందరికీ చెప్పాను కూడా.

ఆ మధ్యాహ్నం మామ్మ అలా అంటుండగానే పక్కింట్లోంచి ఆ సీరియల్ పాట వినిపించింది. మామ్మ కాసేపు ఓర్చుకుంది. తర్వాత మెట్ల దగ్గరికెళ్ళి, గొంతు తగ్గించి, "పోనీ తీసేయరా, మళ్ళీ తడిపి ఆరేసుకుంటాను" అంది.

అడ్డుపడింది తడే కానీ మడి కాదని తర్వాత చదువుకున్నాను. అయినా వానకి టీవీ ఆగిపోతే, పైన ఆకాశంలో ఎక్కడో మామ్మ చీర ఆరేసిందనే అనుకుంటాను. సీరియల్ టైమయ్యేదాకా ఓపిక పడితే చాలు, తనే తీయించేస్తుంది.