వల దగ్గర చెప్పులు

సునామీ తర్వాత కొన్నాళ్లు క్యాంపులో, రేకుల షెడ్లో ఉన్నాం. ఓ రోజు లెట్రిన్ల వెనక బురదలో వల పరుచుకుని బాగుచేస్తున్న మా ఆయన ఉన్నట్టుండి అరికాళ్లు గోక్కోవడం మొదలెట్టాడు. "చెప్పులేసుకోవయ్యా" అన్నాను. ఆయన అన్నయ్య, అంటే మా బావగారు, గయ్యిమన్నారు. "వలంటే గంగమ్మ తల్లి. చెప్పులతో కూకుంటాడేటి?" శుభ్రమైన ఇసక మీద పెద్దలు పెట్టుకున్న ఆచారాన్ని తెచ్చి లెట్రిన్ బురదలో నిలబెట్టిన మహాజ్ఞాని మా బావగారు.

కొన్నేళ్లకి మా ఆయనకి దగ్గు, పిల్లికూతలు, కడుపునొప్పి. రక్తంలో ఇసినోఫిల్స్ అనే కణాలు ఎక్కువున్నాయి, మోషన్ టెస్ట్ చేయించమన్నారు ఆస్పత్రిలో. "మగోడివి, డబ్బీ పట్టుకుని తిరుగుతావేట్రా?" అని బావగారు పకపకా నవ్వారు. ఈయన సిగ్గుపడి మానేశాడు. బావగారు తన ఉబ్బసం గోళీలు ఇచ్చారు. ఆయాసం తగ్గేసరికి వీధంతా తిరిగి తన వైద్యం గురించి చెప్పుకున్నారు. సిగ్గులేని మనిషి!

ఆ గోళీలే మింగుతూ ఉండగా కొన్నాళ్లకి జ్వరంతో ఒళ్లు కాలిపోయింది, మాట తడబడింది. ఆస్పత్రిలో డాక్టరు గోళీల అట్ట ఎత్తి చూపించి, "దీదీ, యే కిసనే దియా?" అని, ఇవెవరిచ్చారని హిందీలో అడిగాడు. బావగారు గోడ కేసి చూశారు. నేను వేలెత్తి ఆయన్నే చూపించాను.

"ఇది స్టెరాయిడ్. స్ట్రాంగిలాయిడ్స్ అనే పురుగు అరికాలి చర్మంలోంచి దూరి, ఇన్నేళ్లూ పేగుల్లో ఉంది. ఇమ్యూనిటీ దాన్ని అదుపులో పెట్టింది. ఈ గోళీలు ఇమ్యూనిటీని పడుకోబెట్టాయి. పురుగులు పెరిగి, పేగులు తొలిచి, అక్కడి బ్యాక్టీరియాని రక్తంలోకి మోసుకెళ్లాయి. రక్తమంతా ఇన్ఫెక్షన్ పాకింది, సెప్సిస్ అంటారు. బతుకుతాడని మాటివ్వలేను" అన్నాడు డాక్టరు.

పురుగుల్ని చంపే ఐవర్‌మెక్టిన్, యాంటీబయాటిక్స్ మొదలెట్టారు. తేరుకున్నాడనుకుంటే మళ్లీ జ్వరం. ఐసీయూ బయట బావగారు "గంగమ్మకి మొక్కుకున్నాను" అన్నారు. "మీరు నోరు మూసుకుంటే చాలు" అన్నాను. పెద్దవాళ్లని అలా అనకూడదట. అన్నాను.

ఇంటికొచ్చాక కూడా చాన్నాళ్లు మజ్జిగన్నం తిన్నా విరేచనాలే. పురుగులూ మందులూ కలిసి పేగుల్లో మంచి బ్యాక్టీరియాని కూడా మార్చేసి ఉంటాయన్నాడు డాక్టరు. మెల్లగా కుదుటపడ్డాడు.

తడి నేల మీద ఉత్తి కాళ్లతో తిరిగినవాళ్లు, స్టెరాయిడ్ మొదలెట్టే ముందు ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. మోషన్ టెస్టులో పురుగు ఒక్కోసారి దొరకదు, రక్తపరీక్ష గురించి కూడా అడగండి. డబ్బీ పట్టుకెళ్తే పోయే పరువేం లేదు.

ఇప్పుడు మా ఆయన రబ్బరు చెప్పులతోనే వల దగ్గర కూర్చుంటున్నాడు. మొన్న బావగారు మళ్లీ అందుకున్నారు. "గంగమ్మకి కోపమొస్తాదిరా!"

"ఆ తల్లి పడవ పట్టుకుపోయింది, ఇల్లు పట్టుకుపోయింది. నా మొగుణ్ణి మాత్రం వదిలేసింది. ఆయన్ని పైకి పంపెయ్యబోయింది మీరు, బావగారూ" అన్నాను.