లోపలి నుంచి తెరుచుకునే తలుపు

జనగామ స్టేషన్లో రైలు దిగి ఫోన్లో కారు బుక్ చేస్తే ఎక్కువసార్లు ఒకే డ్రైవర్ వచ్చేవాడు. యాప్‌లో పేరు కనిపించేది గానీ, నాకు ఆయన డ్రైవరన్నే. వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకోగానే, "అక్కా, జర లోపల్నుంచి తలుపు తియ్" అనేవాడు. తీసి మళ్లీ వేస్తేనే బండి కదిలేది.

ఒకరోజు బడికి ఆలస్యమైంది. పిల్లలు ప్రార్థనకు నిలబడి ఉంటారని నా ఆత్రం. "రోజూ తెరుచుకునే తలుపే కదన్నా, బండి పోనీ!" అని విసుక్కున్నాను. ఆయన తాళంచెవి తిప్పలేదు.

"తెరుసుకుంటదని నాకెరుకే అక్కా. నీ చేతికి ఎరుక కావాలె గద."

"నీమీద నాకు నమ్మకముందన్నా."

"నన్ను నమ్ముడెందుకక్కా? తలుపు సూసుకో."

కోపంగా తెరిచి ధడాల్న వేశాను. అప్పుడు ఆయన బండి పోనిచ్చాడు. ఆ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో నేనెప్పుడూ అడగలేదు. అడగలేదే అని ఇప్పుడు లోపల పీకుతుంటుంది.

తర్వాత నాకు మహబూబాబాద్ బదిలీ అయింది. మొన్న అక్కడి బస్టాండు దగ్గర ఇంకో కారెక్కి, అలవాటుగా లోపలి పిడి లాగాను. తలుపు తెరుచుకోలేదు. మళ్లీ లాగాను.

"చైల్డ్ లాక్ మేడం, లోపల్నుంచి తెరుసుకోదు, ఏం గాదు" అని నవ్వుతూ బండి స్టార్ట్ చేశాడు ఆ డ్రైవర్.

మంచివాడే కావచ్చు. నా చేతికి మాత్రం ఆ సంగతి ఎరుక లేదు. బండి ఆపించి, బయటి నుంచి తలుపు తీయించి, దిగిపోయాను.